బోర్డు మీది ‘ఫేర్’

పోస్టు పెద్దదయింది. సాయంత్రం మెస్సులో లైను కదిలేలోపు చదివేయొచ్చు, కొంచెం ఓపిక పట్టండి.

ఫిబ్రవరిలో మా హాస్టల్లో ఫైనలియర్ అన్నలకి ఫేర్‌వెల్ పెట్టాలనుకున్నాం. తలా యాభై వేసుకున్నాం. ఫ్లెక్సీ పని మా రూముకి అప్పజెప్పారు. మా రూమంటే నలుగురం. అందరిదీ డిగ్రీ సెకండియర్, బీజెడ్‌సీ, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మీడియంలో పడ్డవాళ్ళమే. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. ఇద్దరిది దుమ్ముగూడెం వైపు, ఒకరిది గుండాల, ఇంకొకడిది చర్ల అవతల. ఫ్లెక్సీ పని వచ్చేనాటికే ఆ చర్లవాడు రూములో లేడు. సంక్రాంతికి ఇంటికి పోయి తిరిగి రాలేదు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి మావాడు అనే రాస్తాం.

ఫ్లెక్సీ వచ్చింది. అన్నల ఫొటోలు, కొమరం భీం ఫొటో, పైన పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. గోడకి కట్టాక ఒక అన్న వచ్చి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. మేం ‘ఫేర్’కి ఎఫ్ తర్వాత ఏ, ఐ, ఆర్ కొట్టించాం. అది ముఖానికి రాసుకునే క్రీము మీద ఉండే ‘ఫెయిర్’. ఎఫ్, ఏ, ఆర్, ఈ ఉండాలట. ఫ్లెక్సీ షాపాయన దగ్గరికి కోపంగా పోతే మేం రాసిచ్చిన చీటీ తీసి మా చేతిలోనే పెట్టాడు. మా రాతే. ఈలోపు ఎవరో ఫొటో తీసి స్టేటస్ పెట్టారు, కాలేజీ అంతా పాకింది.

మరుసటి రోజు ఇంగ్లీషు సార్ పిలిచాడు. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. “స్పెల్లింగు తప్పయితే ఏమైందిరా, ఆ మాటకి అర్థం తెలుసా?” అన్నాడు. వీడ్కోలు అన్నాం. “అది వాడుక. ‘వెల్’ అంటే బాగా. మరి ‘ఫేర్’ అంటే?” అన్నాడు. బస్సు ఛార్జీ అన్నాం. “అంటే ఫేర్‌వెల్ అంటే మంచి బస్సు ఛార్జీనా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. లైబ్రరీకి పోయి లావు డిక్షనరీలు తిరగేసి వారంలో వచ్చి చెప్పమన్నాడు. ఇక్కడ రాస్తున్నది ఆ వారంలో మేం చదివిందీ, సార్‌ని అడిగి తెలుసుకున్నదీ.

ముందు తేలిందేంటంటే ‘ఫేర్’ అంటే మొదట డబ్బులు కాదు, ప్రయాణం. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ‘ఫరాన్’ అని ఒక క్రియ ఉంది. పోవడం, ప్రయాణం చేయడం అని అర్థం. జర్మన్లు ఇప్పటికీ బండి మీద పోవడాన్ని ‘ఫారెన్’ అంటారు, అదే మాట. ఇంగ్లీషులో ఇప్పుడు ప్రయాణానికి ‘ట్రావెల్’, ‘జర్నీ’ అంటున్నాం కదా, ఆ రెండూ ఫ్రెంచి నుంచి తర్వాత వచ్చి చేరినవి. ఫేరే వాళ్ళ సొంత మాట. బయటినుంచి వచ్చినవాళ్ళు హాల్లో కూర్చుంటే ఇంటి మనిషి టికెట్టు కౌంటర్లో కూర్చున్నట్టయింది దాని పని. (ఇది చదివి మన భాషల సంగతి గుర్తొస్తే తప్పు మాది కాదు.)

ఆ రెండు మాటల సంగతి కూడా చెప్పేస్తాం. ‘జర్నీ’ ఫ్రెంచిలో రోజు అనే మాటనుంచి వచ్చింది. ఒక రోజులో నడిచే దూరం, ఒక రోజులో చేసే పని, రెండూ జర్నీయే ఒకప్పుడు. పని నేర్చుకోవడం అయిపోయి రోజుకూలీకి పని చేసేవాణ్ణి ఇంగ్లీషులో ‘జర్నీమ్యాన్’ అనేవాళ్ళు. జువాలజీలో పగలు తిరిగే జంతువుల్ని ‘డయర్నల్’ అని చదువుకుంటున్నాం, దాని మూలం కూడా ఆ లాటిన్ ‘రోజు’లోనే ఉంది. ఇక ‘ట్రావెల్’ అయితే ‘ట్రవెయిల్’ అనే మాటకి మారిన రూపం. ట్రవెయిల్ అంటే కష్టం, చాకిరి, పురిటినొప్పులు. దాని వెనక లాటిన్లో మూడు కొయ్యలు పాతి మనిషిని కట్టి హింసపెట్టే సాధనం పేరు ఉందని చాలా డిక్షనరీలు రాస్తున్నాయి. చర్లలో ఆటో వెనక కడ్డీ పట్టుకుని వేలాడినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

మళ్ళీ ఫేర్ దగ్గరికి వస్తాం. ప్రయాణం అనే మాట తర్వాత ప్రయాణానికి అయ్యే ఖర్చు అయింది. మన బస్సు ఛార్జీ అర్థం అట్లా వచ్చింది. బండెక్కిన మనిషిని కూడా ఫేర్ అనడం ఉంది. మన ఆటో అన్నలు మనిషి దొరికితే “కిరాయి దొరికింది” అంటారు కదా, అచ్చం అట్లాగే. ఇంకో అర్థం చూసి మేం నిజంగా నోరు తెరిచాం. ఫేర్ అంటే తిండి. హోటల్లో మెనూ కార్డుని పాతకాలంలో ‘బిల్ ఆఫ్ ఫేర్’ అనేవాళ్ళు. దారికీ తిండికీ ఒకే మాట ఎట్లా వచ్చిందని మాలో ఒకడు అంటే గుండాలవాడు, “దారి బత్తెం అనమా మనం?” అన్నాడు. నిజమే. బత్తెం అంటే తిండికిచ్చేది. ఆఫీసర్లు ఊళ్ళకి పోతే రాయించుకునే బత్తా కూడా అదే మాట. మా అమ్మలు మేం బస్సెక్కేటప్పుడు సంచిలో పెట్టే జొన్న రొట్టె, చింతపండు పచ్చడి, కొంగులోంచి విప్పి ఇచ్చే నూటయాభై, అన్నిటికీ కలిపి ఇంగ్లీషులో ఒక్క మాట సరిపోతుంది.

మా మెస్సు ఫేర్ గురించి ఇక్కడ రాయం. సాంబారులో పప్పు కనిపించిన రోజు ఇంకో పోస్టు పెడతాం.

అన్నిటికంటే ముఖ్యమైనది వేరే. ‘ఫరాన్’కి పోవడమే కాదు, రోజులు గడవడం అనే అర్థం కూడా ఉంది. పరీక్షలో ఎట్లా ఫేర్ చేశావు అంటారు కదా, అది. తెలుగులో కూడా “ఎట్లా నడుస్తోంది?” అంటాం. ఇల్లు నడుస్తోంది అంటాం, ఇల్లు ఎక్కడికీ నడవకపోయినా. మా నాయనమ్మల కాలం మాట ఇంకోటి ఉంది, జరుగుబాటు. జరగడం అంటే కదలడమే. “ఆ ఇంట్లో జరుగుబాటు లేదు” అంటే పూట గడవట్లేదని. కదలడంలోంచి బతకడం అక్కడా పుట్టింది, ఇక్కడా పుట్టింది.

ఇంతవరకు రాసుకుని నోట్సు మూసేశాం. సాయంత్రం హాస్టల్‌కి వస్తూ గేటు దగ్గర ఆగిపోయాం. ఆకుపచ్చ బోర్డు. రెండేళ్ళుగా దాని కిందనుంచే పోతున్నాం, వస్తున్నాం. పైన తెలుగులో గిరిజన సంక్షేమ వసతి గృహం అని, కింద ఇంగ్లీషులో ట్రైబల్ వెల్‌ఫేర్ అని. వెల్‌ఫేర్! ఫేర్‌వెల్‌ని తిప్పి రాస్తే వెల్‌ఫేర్. రెండూ అవే రెండు ముక్కలు. వెల్‌ఫేర్ అంటే మొదట బాగా పోవడం, బాగా జరగడం, అంతే. ప్రభుత్వం బీదవాళ్ళకి చేసే సాయం అనే అర్థం 20వ శతాబ్దంలో వచ్చి అతుక్కుంది. రాజ్యాంగం 38వ అధికరణంలో ప్రజల సంక్షేమం అని ఉన్నచోట ఇంగ్లీషులో ఉన్నది ఈ మాటే. గ్రూప్స్‌కి చదివే అన్నలకి ఇది నోటికి వచ్చు.

మరి సంక్షేమం? దానికి తెలుగు మేడం దగ్గరికి పోయాం. క్షేమం అనే మాట ‘క్షి’ అనే సంస్కృత ధాతువునుంచి వచ్చిందని, దానికి నివసించడం, ఒకచోట నిలకడగా ఉండడం అని అర్థమని చెప్పింది. క్షేత్రం, అంటే పొలం, భూమి, అది కూడా అక్కడినుంచే. ‘క్షి’ అనే ఇంకో ధాతువు కూడా ఉందట, దానికి నశించడం అని అర్థం, క్షయం దాన్నుంచి వచ్చింది. మా బాత్‌రూములు చూస్తే బోర్డు మీదున్నది ఏ ధాతువో మాకు అనుమానమే. అది పక్కన పెడదాం. ఉత్తరాల్లో యోగక్షేమాలు అని రాస్తాం కదా, లేనిది దొరకడం యోగం, ఉన్నది నిలవడం క్షేమం అని మేడం చెప్పింది.

అంటే ఒకే బోర్డు మీద ఇంగ్లీషువాడు బాగా పో అంటున్నాడు, సంస్కృతంవాడు బాగా ఉండు అంటున్నాడు. ఇది మేం గొప్పగా కనిపెట్టామని ఆ రాత్రంతా సంబరపడ్డాం. మావాడికి ఫోన్ చేసి చెప్పాలనుకున్నాం. సిగ్నల్ లేదు.

ఫ్లెక్సీ గొడవలో మేం మావాణ్ణి సగం మర్చిపోయాం, నిజం చెప్పాలి. సంక్రాంతికి పోయినవాళ్ళు వారం ఆలస్యంగా రావడం మామూలే. జనవరి అయిపోయింది. అటెండెన్సు మెషిన్లో ముఖం పడక రోజులు దాటితే పేరు తీసేస్తారని తెలుసు. అయినా వస్తాడులే అనుకున్నాం. ఛార్జీలకి లేక ఆగాడేమో అని ఒకసారి అనుకుని, మూడొందలు ఫోన్‌పే చేద్దామని మాట్లాడుకుని, చేయలేదు. వాళ్ళ ఊరినుంచి నాలుగు కిలోమీటర్లు నడక, ఆటో, చర్ల, అక్కడినుంచి భద్రాచలం, మళ్ళీ ఇక్కడికి మూడున్నర గంటల బస్సు. ఒక్క వైపుకి దగ్గర దగ్గర మూడొందలు అవుతుంది మగపిల్లలకి.

ఆడవాళ్ళకి అవ్వదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు కాబట్టే వాళ్ళమ్మ వచ్చింది. ఫేర్‌వెల్‌కి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం, గేటు దగ్గర నిలబడి ఉంది. భద్రాచలం దాటి రావడం ఆమెకి అదే మొదటిసారి. చేతిలో జీరో టికెట్టు మడత పెట్టి పట్టుకుంది, లోపలికి రానివ్వాలంటే అది చూపించాలేమో అనుకుందట. వార్డెన్ సార్‌తో మాట్లాడి కొడుకు పేరు తీసేయొద్దని అడగడానికి వచ్చింది. సార్ మీటింగుకి పోయి ఉన్నాడు. రెండు గంటలు బోర్డు కిందే కూర్చుంది, మేం పక్కన.

అప్పుడు విషయం తెలిసింది. మావాళ్ళ నాన్న మిర్చి రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, కోతలకి వస్తామని. డిసెంబర్లో చెట్టుమీంచి జారి కాలు విరిగింది. అడ్వాన్సు అట్లాగే ఉంది. అమ్మ, చెల్లె ఏరితే చాలట్లేదు. మావాడు సంక్రాంతి మర్నాడు తోటలోకి దిగాడు.

ఆమె తలెత్తి బోర్డు చూసి, “అదేం రాసుంది బిడ్డా?” అనడిగింది. చదివి చెప్పాం. “సంక్షేమం అంటే?” అంది. మాలో ఒకడు ఊరుకోక, కొత్తగా నేర్చుకున్నది కదా, “పైనున్న మాటకి మంచిగా ఉండుడు అని అర్థం అమ్మా, కిందున్న మాటకి మంచిగా పోవుడు అని” అన్నాడు. ఆమె నవ్వింది. “ఉండుడా, పోవుడా? ఏదో ఒకటి చెప్పమను మీ సారుని. మావాడు ఇంట్లో ఉంటే ఇక్కడ పేరు పోతది. ఇక్కడికొస్తే అక్కడ పూట పోతది” అంది.

మేం వారం రోజులు డిక్షనరీల్లో వెతికింది ఆమెకి గేటు దగ్గర కూర్చుని తెలిసిపోయింది.

వార్డెన్ సార్ వచ్చాక మంచిగానే మాట్లాడాడు. మెడికల్ సర్టిఫికెట్టు పెడితే నెలాఖరు దాకా పేరు ఆపుతానన్నాడు. సెమిస్టర్ ఎగ్జామ్ ఫీజు మాత్రం ఆ శుక్రవారానికి కట్టాలి, అది కాలేజీ పని, తన చేతిలో లేదన్నాడు. ఆమె దగ్గర మెడికల్ సర్టిఫికెట్టు లేదు, ఎక్స్‌రే ఫిల్ము ఉంది, వంకాయల సంచిలో తెచ్చింది. అది చూపిస్తే తీసుకున్నాడు.

ఆమెని బస్సెక్కించేటప్పుడు “పోయొస్తా బిడ్డలారా” అంది. మళ్ళీ వచ్చే పని ఉందని కాదు. మన ఇళ్ళల్లో అంతే కదా, ఎవరూ పోతున్నా అని గడప దాటరు. చిన్నప్పుడు పొరపాటున “పోతున్నా” అంటే “పోయొస్తా అను” అని అమ్మలు నెత్తిన మొట్టేవాళ్ళు. ఇంగ్లీషు ఫేర్‌వెల్‌లో బాగా పో అనే ఉంది, రమ్మని లేదు. అది ఎందుకో మాకు ఆ రోజునుంచి నచ్చట్లేదు.

ఫైనలియర్ అన్నల దగ్గరికి పోయి విషయం చెప్పాం. ఫేర్‌వెల్ డబ్బుల్లో ఫ్లెక్సీ మళ్ళీ కొట్టించడానికి పక్కన పెట్టింది ఉంది. “ఫ్లెక్సీ వద్దు, స్టిక్కర్ వేయండి. చికెన్ కూడా తగ్గించండి” అన్నారు. ‘ఐ’ మీద తెల్ల కాగితం అంటించి, స్కెచ్‌తో సరిచేశాం. దగ్గరికి వస్తే తెలుస్తుంది, ఫొటోల్లో తెలియలేదు. మిగిలిన డబ్బులతో మావాడి ఎగ్జామ్ ఫీజు గురువారం కట్టేశాం. రసీదు ఫొటో పంపితే రెండు రోజులకి సిగ్నల్ దొరికి ఫోన్ చేశాడు.

అప్పుడు అడిగాం, ఛార్జీలు పంపమంటావా అని. “ఛార్జీ ఉందిరా. బస్సెక్కితే ఇక్కడ జరుగుబాటు ఎట్లా?” అన్నాడు. మేం అతనికి డిక్షనరీ సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు. అతను మామూలుగా అన్న మాట అది.

ఆ శని, ఆదివారాలు మేం ముగ్గురం అక్కడికి పోయాం. మావాడు చూసి ముందు తిట్టాడు, తర్వాత టవల్ ఇచ్చి తలకి కట్టుకోమన్నాడు. మిర్చి ఏరడం మాకు కొత్త కాదు, చిన్నప్పుడు అందరం చేసిందే. కానీ రెండేళ్ళు పెన్ను పట్టిన చేతులు. మొదటి రోజు సాయంత్రానికి వేళ్ళు మండి అన్నం స్పూనుతో తిన్నాం. ముగ్గురం రెండు రోజులు ఏరింది పక్క సాలులో ఒక అక్క రోజున్నర ఏరినంత కాలేదు. రానుపోను ఛార్జీలు లెక్కేస్తే మేం ఏరినదానికంటే ఎక్కువే అయింది. రైతు మాత్రం లెక్కలో రాసుకున్నాడు, అడ్వాన్సులో కొంత తగ్గించాడు. మంచివాడేనని మావాడు అంటాడు. మేం ఏమీ అనం.

ఆదివారం రాత్రి మావాళ్ళ నాన్న మంచం మీద కూర్చుని, కాలు బల్ల మీద చాపి, ఇదంతా విన్నాడు, ఫేర్ కథ. ఆయనకి బాగా నచ్చింది పడవ మాట. పోవడానికి ‘ఫేర్’ అయితే, పోయేట్టు చేయడానికి, అంటే ఒక మనిషిని మోసుకుపోయి దించడానికి వచ్చిన మాట ‘ఫెర్రీ’. మనం దాటడం, దాటించడం అంటామే, అట్లాంటి జత. నదికి అవతలి ఒడ్డుని ‘పారం’ అంటారు కదా సంస్కృతంలో, దాటిస్తాడు అనడానికి ‘పారయతి’ అంటారు కదా, అవి కూడా ఈ మాటలకి చాలా దూరపు చుట్టాలేనట. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆయన పడవలో మనుషుల్ని ఒడ్డుకి చేర్చాడు. ఆ కథ మొదలుపెడితే మాకు పొద్దున బస్సు తప్పిపోయేది, కొంచెంలో.

ఇప్పటి పరిస్థితి ఇది. కోతలు ఇంకా ఉన్నాయి. మావాడు పరీక్షలకి వస్తానన్నాడు, వస్తాడో లేదో మేం గట్టిగా చెప్పలేం. పేరు నెలాఖరు దాకా ఉంది. మంచం ఖాళీగానే ఉంచాం, దాని మీద మా బట్టలు ఆరేస్తున్నాం. ఆ తర్వాత తునికాకు సీజన్ వస్తుంది, అప్పుడేం చేస్తాడో తెలియదు. ఈ గ్రూపులో చర్ల, వెంకటాపురం వైపు టీచర్లుగా, సెక్రటరీలుగా ఉన్న అన్నలు, అక్కలు చాలామంది ఉన్నారు. మీ ఊళ్ళల్లో సంక్రాంతికి వచ్చి తిరిగి పోని డిగ్రీ పిల్లలు ఉంటే ఒకసారి ఇంటికి పోయి కనుక్కోండి. మేం చేసినట్టు ఛార్జీలకి లేక ఆగారేమో అనుకుని ఊరుకోకండి. ఎగ్జామ్ ఫీజు తేదీ ముందు అడగండి.

ఇంకో సాయం. సెకండియర్ నాలుగో సెమ్ జువాలజీ నోట్సు, తెలుగులో గానీ సులువు ఇంగ్లీషులో గానీ, ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటోలు తీసి పెట్టండి. మావాడికి అక్కడ ఫొటోలే తెరుచుకుంటాయి, పీడీఎఫ్ తెరుచుకోదు. రికార్డు మేమే ముగ్గురం పంచుకుని రాసిపెడుతున్నాం. రాత కలవట్లేదని మేడం కనిపెడుతుందేమో అని భయంగా ఉంది. అన్నీ అయ్యాయి గానీ కప్ప గుండె బొమ్మ మాత్రం ఎవరికీ కుదరట్లేదు.